బ్రాయిలర్ కుంటుతోందా? ముందు వయసు చూడండి

పుట్టినప్పుడు 40 గ్రాములుండే పిల్ల ఆరు వారాలు తిరక్కుండానే రెండు కిలోలు దాటుతుంది. కండ పెరిగినంత వేగంగా ఎముక గట్టిపడదు. కుంటే కోడి కనిపించగానే మందుల షాపుకు పరుగెత్తకండి. ఎన్నో రోజున కుంటుతోందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

మొదటి వారం, కాళ్లు పక్కలకు జారిపోతున్నాయి
చాలాసార్లు కారణం బ్రూడింగ్‌లో (పిల్లలకు వెచ్చదనం ఇచ్చే తొలి రోజుల్లో) పరిచిన నున్నటి పేపరే. గరుకుది వేయండి.

రెండు, మూడు వారాలు, లేవలేక కూర్చుంటున్నాయి
టెన్షన్ పడి ఏదో ఒకటి పోసేది ఇక్కడే. పిల్లను పట్టుకుని ముక్కు మెల్లగా వంచండి. రబ్బరులా వంగితే రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు. విటమిన్ డి3, కాల్షియం, ఫాస్ఫరస్‌లలో ఏదో తగ్గింది, లేదా పాళ్లు తప్పాయి. దాణాలో అన్నీ ఉన్నా సరే, అందులోని మొక్కజొన్నకు బూజు పట్టినా, కోళ్లకు విరేచనాలు అవుతున్నా అవి ఒంటికి పట్టవు. వేడిలో నెలల తరబడి నిల్వ ఉన్న బస్తాల్లో విటమిన్లు పాడవుతాయి. దాణా మార్చి, డి3 మందును షెడ్డు మొత్తానికి నీళ్లలో ఇవ్వండి. ఉత్త కాల్షియం పోస్తూ పోతే మాత్రం ఫాస్ఫరస్ ఒంటబట్టక జబ్బు ముదరొచ్చు.

ముక్కు గట్టిగానే ఉండి కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటే విటమిన్ బి2 లోపాన్ని అనుమానించండి. వెంటనే బి-కాంప్లెక్స్ ఇస్తే తేరుకుంటాయి, నరం బాగా దెబ్బతిన్నాక కష్టం. మడమ కీలు ఉబ్బి కాలు పక్కకు తిరిగిపోతే దాణాలో మాంగనీస్, కోలిన్ అనే పోషకాలు తగ్గాయేమో చూడాలి. ఆ కోడి ఇక బాగుపడదు. దాణా సరిచేసేది మిగతావాటి కోసమే.

నాలుగో వారం తర్వాత, రెక్క ఆనించి నడుస్తున్నాయి
తొడ ఎముక తలలో బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు. పోస్ట్‌మార్టం చేయించకుండా యాంటీబయాటిక్ వేయకండి. అరికాలికి నల్లటి పుండ్లుంటే తప్పు తడి లిట్టర్‌ది (కోళ్ల కింద పరిచే ఊకది). కారే నీళ్ల నిపుల్ బాగుచేసి, గడ్డలు తీసేసి, పొడి ఊక వేసి రోజూ తిరగేయండి.

ఇంటిగ్రేషన్‌లో (కంపెనీ ఇచ్చే పిల్లలు, దాణాతో) పెంచేవాళ్లకు దాణా మీద అదుపుండదు, లైటు స్విచ్ మాత్రం చేతిలోనే ఉంటుంది. బరువు రావాలని రాత్రంతా బల్బులు వెలిగించడం నాకు నచ్చని అలవాటు. కాళ్లకు విశ్రాంతి దొరికేలా వారం దాటాక రోజుకు ఆరు గంటల చీకటి ఇవ్వండి. యూరోపియన్ యూనియన్‌లో ఇది 2007 నాటి నిబంధనే. ఎండాకాలం కోళ్లు పగలు తినవన్నది నిజమే. అప్పుడు చీకటిని నాలుగు గంటలకు తగ్గించి, తెల్లవారుజాము చల్లదనాన్ని మేతకు వదిలేయండి.