మోటారు బిల్లు పేచీ ఇలా తెగింది
కింద మేము, పై వాటాలో అద్దెకున్నాయన కుటుంబం. నీళ్ల మోటారు ఒకటే, అదీ మా మీటరు మీదే. బిల్లులో వాటా అడిగిన ప్రతి నెలా ఆయనతో గొడవే. బతిమాలడం, పెద్దమనిషితో చెప్పించడం, మాటలు మానేయడం ఏవీ పనిచేయలేదు.

చివరికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మోటారు లైనుకు మాత్రమే సబ్‌మీటరు (దాని వాడకాన్నే చూపే విడి మీటరు) పెట్టించాను. మొదటి రీడింగు ఆయన చేతే రాయించాను. అసలు కిటుకు ఇదే. అప్పటినుంచి ప్రతి ఒకటో తేదీన ఇద్దరం కలిసి చూసి ఫొటో తీసుకుంటున్నాం. వాడకం పెరిగితే శ్లాబు మారి రేటూ పెరుగుతుంది కనుక, నెల బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి యూనిట్‌కు సగటు ధర లెక్కేస్తున్నాం. ఆ ధరన మోటారుకు అయిన ఖర్చును రెండు వాటాల్లో కలిపి ఎందరుంటే అన్ని వంతులు చేస్తున్నాం. 11 నెలల అద్దె ఒప్పందం తిరగరాసేటప్పుడు ఇదంతా అందులో చేర్చాం.

ఆయన పేచీ లెక్క మీద కాబట్టి తెగింది. అద్దే ఎగ్గొట్టేవారి దగ్గర ఇది పనిచేస్తుందనుకోను. అర్ధరాత్రి మోగే ఆయన టీవీకైతే మందు ఇంకా దొరకలేదు.