వానాకాలం పురుడు: బిడ్డ పక్క, పాలు, ఎత్తుకునే సంచి విషయంలో ముందస్తు జాగ్రత్తలు

జూన్‌లో రుతుపవనాలు వచ్చింది మొదలు అక్టోబరు దాకా హైదరాబాద్‌లో పసిబిడ్డ ఉన్న ఇంటికి మూడు చిక్కులు ఒక్కసారే వస్తాయి: బట్టలు ఆరవు, దోమలు పగలు కూడా వదలవు, గట్టి వాన పడితే కరెంటు పోతుంది. వీటికి భయపడి పెద్దవాళ్ళు బిడ్డను మరింత దట్టంగా చుడతారు, కిటికీలు బిగిస్తారు, మెత్తటి పరుపులు తెప్పిస్తారు. బిడ్డ ఊపిరికి అడ్డం వచ్చేవి చాలావరకు ఇలా ప్రేమకొద్దీ తెచ్చిపెట్టినవే. కాబట్టి ఏ వస్తువు కొన్నా ముందు ఒక సంగతి చూసుకోవాలి. అందులో పడుకోబెట్టినా, దానికి ఆనించి పాలిచ్చినా, అందులో ఎత్తుకున్నా బిడ్డ ముక్కూ నోరూ మనకు కనబడుతూ, గాలికి అడ్డం లేకుండా ఉండాలి. అలా ఉండని వస్తువు ఎంత ఖరీదైనదైనా, ఎవరు కానుకగా ఇచ్చినా పక్కన పెట్టాల్సిందే.

బిడ్డ భూమ్మీద పడకముందే సామాను కొనకూడదన్న పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని కాదని ఇంట్లో పెద్దల మనసు కష్టపెట్టనక్కర్లేదు. ఏం కావాలో, ఏం వద్దో ఏడో నెలలోనే కాగితం మీద రాసి, పురుటి సమయంలో బజారుకు వెళ్ళబోయే మనిషికి ఇస్తే చాలు. అలా చేయకపోతే బాలింత ఆసుపత్రిలో ఉండగా మేనమామో చిన్నాన్నో వానలో కోఠీకి పరుగెత్తి, దుకాణదారు మొదట చూపించిన సెట్టు పట్టుకొస్తాడు.

ఆ సెట్టును కాస్త దగ్గర్నుంచి చూడండి. జిప్పు ఉన్న గొడుగు దోమతెర, అడుగున మెత్తటి ఫోము పరుపు, తల దగ్గర గుండె ఆకారపు దిండు, చెరో పక్క ఒక చిన్న బాలీసు ఉంటాయి. పరుపు నడుమ అరచేతితో గట్టిగా నొక్కి చెయ్యి తీసేయండి. పడ్డ గుంట వెంటనే పూడకపోతే ఆ పరుపు పసిబిడ్డకు పనికిరాదు, ఎందుకంటే బిడ్డ మొహం పక్కకు తిరిగినప్పుడు అదే గుంట ముక్కును కప్పేస్తుంది. పరుపు గట్టిగా ఉంటే దోమతెరను, పరుపును వాడుకోవచ్చు గానీ దిండునూ బాలీసులనూ ఇంటికి తెచ్చిన రోజే తీసి అల్మరాలో పెట్టేయాలి. ఏడాది నిండేదాకా బిడ్డకు దిండు అక్కర్లేదు. తల గుండ్రంగా రావడానికని ఆవాల దిండు కుట్టించే అమ్మమ్మలకు కూడా ఈ మాటే నచ్చజెప్పాలి. తల ఒక వైపే నొక్కుకుపోకుండా ఉండాలంటే పడుకోబెట్టే దిశను రోజూ మారుస్తూ, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు మన కళ్ళెదుటే బోర్లా పడుకోబెడితే సరిపోతుంది.

నిద్రపోయే ప్రతిసారీ, పగలైనా రాత్రైనా, బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకుంటే పాలు పొలమారుతాయన్నది పెద్దల భయం. శరీర నిర్మాణం ఆ భయానికి విరుద్ధంగా ఉంది: వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కనుక కక్కిన పాలు తిరిగి కిందికే జారతాయి, బోర్లా ఉన్నప్పుడైతే అవి శ్వాసనాళం వైపు వచ్చే అవకాశం ఎక్కువ. తల్లి గదిలోనే, తల్లికి చెయ్యందేంత దూరంలో, వేరే పక్క మీద కనీసం మొదటి 6 నెలలు పడుకోబెట్టమని శిశువైద్యులు చెబుతారు. చెక్క తొట్టి మంచం కొనేవాళ్ళు పుల్లల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకుండా, పరుపుకూ అంచుకూ నడుమ రెండు వేళ్ళకంటే ఎక్కువ పట్టకుండా చూసుకోవాలి. మంచానికి చోటు లేని రెండు గదుల ఇంట్లో నేల మీద చాప, దాని మీద గట్టిగా మడిచిన పలుచని బొంత, ఆపైన రబ్బరు షీటు, దాని మీద అంచులు కిందికి దోపిన నూలు గుడ్డ వేసి, మీద దోమతెర పెడితే అది ఏ ఖరీదైన తొట్టికీ తీసిపోదు. వానాకాలంలో దూది పరుపు, బొంత చెమ్మ పీలుస్తాయి కాబట్టి ఎండ వచ్చిన గంట వదులుకోకుండా వాటిని బాల్కనీలో ఆరేయాలి.

చీర ఉయ్యాల గురించి కాస్త ఎక్కువగా చెప్పక తప్పదు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేయడం, పాట పాడి ఊపడం మన ఇళ్ళలో ఎంతో ఇష్టంగా చేసుకునే వేడుక, దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ కొత్తగా పుట్టిన బిడ్డకు తల బరువు, మెడ బలహీనం. కుంగిన గుడ్డలో ఒళ్ళు వంగి గడ్డం రొమ్ముకు ఆనుకుంటే, మడతపడ్డ గొట్టంలో నీళ్ళు ఆగినట్టు ఊపిరి దారి మూసుకుపోతుంది, ఆ బిడ్డ ఏడ్చి చెప్పలేదు. పెద్దవాళ్ళు ఎదుటే కూర్చొని ఊపుతూ జోకొట్టడానికి ఉయ్యాల వాడుకొని, కన్ను మూతపడగానే తీసి చదునైన పక్క మీద వేయాలి. రాత్రంతా ఉయ్యాలలో వదిలేయడం, స్ప్రింగు కట్టి ఊగేలా చేసి వంటింట్లోకి వెళ్ళిపోవడం ప్రమాదకరం. కొక్కెం ఊడడం, స్ప్రింగు తెగడం ఒక ముప్పైతే, ఇంట్లో ఉన్న నాలుగైదేళ్ళ పిల్లలు ఖాళీ చీరలో మెలికలు తిరుగుతూ ఆడి మెడకు చుట్టుకోవడం ఇంకో ముప్పు. వాడనప్పుడు చీర విప్పి పైకి ముడివేయాలి.

వాన పడుతోందని స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు, మీద రగ్గు అన్నీ వేసేవాళ్ళు బిడ్డ మెడ వెనక వేలు పెట్టి చూడాలి. అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసేయమని అర్థం. చేతులూ కాళ్ళూ చల్లగా ఉండడం పసిబిడ్డకు మామూలే. నెలలు నిండి, సరైన బరువుతో పుట్టిన బిడ్డకు ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అవసరం లేదు. బరువు తక్కువ బిడ్డకు మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయాలి. ఫ్యాను తిరుగుతూ ఉండడం మంచిదే, గాలి నేరుగా మొహానికి కొట్టకపోతే చాలు.

డెంగీ దోమ పగలు కుడుతుంది కనుక దోమతెర పగటి నిద్రకు కూడా వేయాలి. బిడ్డ చేయి తెరకు ఆనుకుంటే బయటి నుంచే దోమ కుట్టగలదు, అందువల్ల తెర వెడల్పుగా ఉండేది తీసుకోవాలి. రెండు నెలలు నిండని బిడ్డ ఒంటికి దోమల క్రీములు రాయకూడదు. దోమల బిళ్ళల పొగ, స్నానం చేయించాక పట్టే సాంబ్రాణి పొగ రెండూ లేత ఊపిరితిత్తులకు కీడే చేస్తాయి. తెరను నమ్ముకొని, కూలరు అడుగున, పూలకుండీల పళ్ళాల్లో నిలిచిన నీళ్ళను వారానికోసారి పారబోయడం అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పెట్టెలోంచి తీసిన పాత బట్టల విషయంలో ఇంకో హెచ్చరిక. అక్క బిడ్డవో, అన్న బిడ్డవో బట్టలు కలరా ఉండలు వేసి దాచిపెట్టడం మన అలవాటు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఆ ఉండల వాసన పట్టిన బట్టలు తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి, కామెర్లు ప్రమాదకరమైన స్థాయికి పెరగవచ్చు. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పైకి చూసి చెప్పలేం. కాబట్టి ఆ ఉండలను బిడ్డ ఉండే గదిలోనే ఉంచకుండా, బట్టలను నెల ముందే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేసి, అప్పటికీ వాసన వస్తుంటే వాడకం మానేయాలి.

ఇక పాలిచ్చే తల్లికి కావలసినవి చాలా తక్కువ. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాల్సిన మనిషికి వీపుకు ఆనుకునేందుకు వాటంగా ఉండే చేతుల కుర్చీ, పాదాల కింద చిన్న పీట, ఒళ్ళో గట్టి దిండు, పక్కనే మంచినీళ్ళ సీసా ఉంటే నడుమూ భుజాలూ నిలుస్తాయి. సిజేరియన్ అయిన తల్లి కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక పక్కగా, కాళ్ళు వెనక్కి ఉండేలా పట్టుకోవచ్చు. దీన్ని డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర చేసి చూపించుకోవడం మంచిది. గుర్రపు నాడా ఆకారంలో అమ్మే దిండు పాలివ్వడానికే, బిడ్డను అందులో నిద్రపుచ్చకూడదు. అర్ధరాత్రి సోఫాలో కూర్చొని పాలివ్వడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అలసిన తల్లి కునుకు తీస్తే బిడ్డ దిండ్ల సందులోకి జారిపోతుంది. నిద్ర ఆపుకోలేననిపిస్తే దిండ్లూ రగ్గులూ తీసేసిన గట్టి మంచం మీద పాలివ్వడం సోఫాకంటే నయం, మెలకువ రాగానే బిడ్డను విడిగా వేసిన బిడ్డ పక్క మీదికి మార్చాలి.

పాల సీసా, డబ్బా పాలు ముందే కొని పెట్టవద్దు. వాటిని ప్రకటనలతో గానీ, కానుకలూ తగ్గింపులూ చూపించి గానీ అమ్మడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. అందుకే ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే అనుమానించాలి. పిండిన పాలు పట్టాల్సి వస్తే మన ఉగ్గుగిన్నె చాలు, పది నిమిషాలు మరిగించి శుభ్రం చేయడం కూడా సులువు. తప్పనిసరై సీసా కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి భాగంలో 4 రోజులు ఉంటాయంటారు గానీ, ఉక్కపోసే గదిలో అంతసేపు ఉంచకూడదు. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గితే ఆ లెక్క కూడా చెల్లదు, ఏ మాత్రం అనుమానం ఉన్నా పారబోయడమే మేలు. నెలలు నిండక పుట్టి ఆసుపత్రిలో ఉన్న బిడ్డకు తల్లి పాలు చాలకపోతే నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి తల్లిపాల బ్యాంకు లాంటివి ఉన్నాయని, అక్కడి డాక్టరును అడగవచ్చని ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి.

ఎత్తుకునే సంచులు, గుడ్డ కట్లు కొనేటప్పుడు బిడ్డ నిటారుగా, తల్లి రొమ్ముకు బిగువుగా ఆనుకొని, తల వంచితే తల్లి ముద్దుపెట్టుకోగలిగే ఎత్తులో ఉందో లేదో చూడాలి. బిడ్డ గడ్డానికీ బిడ్డ రొమ్ముకూ నడుమ కనీసం ఒక వేలు సందు ఉండాలి. మోకాళ్ళు పిరుదులకంటే కొంచెం పైకి, తొడలు విడిగా ఉంటే తుంటి కీలు సరిగా నిలుస్తుంది; కాళ్ళు కిందికి వేలాడే సంచి వద్దు. ఊయలలా పక్కకు వేలాడే సంచిలో పడుకోబెట్టి తిప్పడం మొదటి నాలుగు నెలల్లో ముఖ్యంగా ప్రమాదం. మొహం బయటికి చూసేలా కట్టుకోవడం మెడ నిలిచాకే. బరువు తక్కువ బిడ్డకైతే ఏ సంచీ అక్కర్లేదు, తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టే కంగారూ సంరక్షణే ఉత్తమం. తల్లి అలసిపోతే తండ్రి కూడా చేయవచ్చు.

బిడ్డను ఛాతీకి కట్టుకొని స్కూటీ ఎక్కడం మాత్రం ఎంత దగ్గర దూరమైనా వద్దు. కారున్నవాళ్ళు వెనక్కి తిరిగి ఉండే శిశు సీటును వెనక సీట్లోనే బిగించాలి, ముందు ఎయిర్‌బ్యాగు ఎదుట ఎప్పుడూ పెట్టకూడదు. ఇల్లు చేరాక నిద్రపోతున్న బిడ్డను ఆ సీట్లోనే వదిలేయకుండా పక్క మీదికి మార్చాలి. ఆటోలో డిశ్చార్జి అయి వచ్చేవాళ్ళు వాన పక్కకు తెర దించుకొని, తల్లి మధ్యలో కూర్చొని బిడ్డను రెండు చేతులా రొమ్ముకు హత్తుకోవాలి. జల్లు కొడుతోందని బిడ్డ మొహం మీద ప్లాస్టిక్ కవరు గానీ, తడి తువ్వాలు గానీ కప్పకూడదు. గొడుగు పట్టడానికి ఇంకో మనిషిని వెంట పెట్టుకోండి.