కోడి గింజలు పొడవడం మానేస్తే: బొమ్మ అలారం గడియారాల సమస్యలు, పరిష్కారాలు

షాంఘైలో తయారైన గింజలు పొడిచే కోడిపెట్ట, ఫ్రాన్స్‌లోని నార్మండీలో బయార్డ్ కంపెనీ చేసిన తల ఊపే మిక్కీ మౌస్: కీ ఇచ్చే బొమ్మ అలారం గడియారాలు సేకరించేవారికి ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు చేతికి వస్తాయి. అవి ఆగిపోయినప్పుడు ఏం చూడాలో, దేని జోలికి వెళ్లకూడదో ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. లోపలి చక్రం అరిగితే మరో పాత గడియారంలోంచి తెచ్చి వేయవచ్చు. డయల్ మీది రంగు పోతే ఎక్కడినుంచీ తేలేం. అందుకే ఏ మరమ్మతైనా బొమ్మను, డయల్‌ను విడిగా తీసి భద్రపరిచాకే మొదలుపెట్టాలి. అంకెలు చీకట్లో వెలిగే రకమైతే మాత్రం డయల్‌ను తాకకండి, కింద వాటి గురించి రాసింది ముందు చదవండి.

సమస్య: కీ చివరిదాకా బిగిసి ఉంది, గడియారం నడవడం లేదు

"కీ ఎక్కువ ఇచ్చేశారు, అందుకే ఆగింది" అని అమ్మేవారు చెబుతుంటారు. నమ్మకండి. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నంత మాత్రాన గడియారం ఆగదు. అసలు కారణం దాదాపు ఎప్పుడూ ఎండి జిగురైన నూనె. మన ఇళ్లలో పాత గడియారాలకు కొబ్బరినూనె చుక్క వేసే అలవాటు ఉండేది. చలికాలంలో సీసాలో గడ్డకట్టే నూనె ఇరుసు రంధ్రంలో మాత్రం పలచగా ఎలా ఉంటుంది? ఏళ్లు గడిచేకొద్దీ అది దుమ్ముతో కలిసి బంకలా పట్టేస్తుంది.

పరిష్కారం విప్పి శుభ్రం చేయడమే. తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండు రోజులు నడిచి మళ్లీ ఆగుతుంది, పైగా ఆ తుంపర డయల్ మీద మరకలు చేస్తుంది. విప్పేముందు స్ప్రింగులోని బలాన్ని తప్పనిసరిగా వదలాలి. కీని గట్టిగా పట్టుకుని, స్ప్రింగును వెనక్కి పోనివ్వకుండా ఆపే చిన్న కొక్కేన్ని పక్కకు నెట్టి, సగం చుట్టు చొప్పున వదులుతూ రావాలి. అలారం స్ప్రింగు వేరుగా ఉంటుంది, దాన్నీ ఇలాగే వదలాలి. ఈ గడియారాల్లో చాలావాటికి స్ప్రింగు మీద డబ్బా ఉండదు. బిగువుతో ఉండగా చక్రాలను పట్టి ఉంచే పలకలు విడదీస్తే అది ఒక్కసారిగా విచ్చుకుని వేళ్లు కోస్తుంది, చక్రాల పళ్లు విరుస్తుంది. ఈ పని ఇంతకుముందు చేయనివారు అనుభవమున్న మరమ్మతుదారుకు ఇవ్వడమే మంచిది. శుభ్రం చేశాక గడియారాల నూనెనే వాడాలి, అదీ సూదిమొనతో ఇరుసు రంధ్రానికి ఒక్క చుక్క. చక్రాల పళ్లకు, బ్యాలెన్సు చక్రానికి ఉండే వెంట్రుకలాంటి సన్నని చుట్ల స్ప్రింగుకు (హెయిర్ స్ప్రింగుకు) నూనె తగలకూడదు.

సమస్య: గడియారం నడుస్తోంది, బొమ్మ కదలడం లేదు. లేదా బొమ్మ పెడితే గడియారమే ఆగిపోతోంది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమస్య ఇదే. ఇలాంటి గడియారాలు చాలావాటిలో బొమ్మ తల, టిక్‌టిక్ చేసే కొక్కెపు ఇరుసు మీదే కూర్చుంటుంది. ఆ ఇరుసును డయల్ దాటి ముందుకు పొడిగిస్తారు. అంటే స్ప్రింగు బలమంతా చక్రాల గుండా కరిగి కరిగి, చివర మిగిలిన పిసరంత బలంతో మిక్కీ తల ఊపుతున్నాడన్నమాట. ఆ తల వెంట్రుకవాసి అద్దానికి రాసుకున్నా చాలు, ఆగిపోతుంది.

ముందు ముళ్లు, బొమ్మ తీసి గడియారాన్ని ఒక రోజంతా నడిపించండి. హాయిగా నడిస్తే లోపం బొమ్మ దగ్గరే ఉంది: రేకు వంగి డయల్‌కు తగులుతుండవచ్చు, ఇరుసు రంధ్రం చుట్టూ కాగితపు డయల్ అంచు ఉబ్బి ఉండవచ్చు, ఎవరో తలకు మందంగా రంగు వేసి బరువు పెంచి ఉండవచ్చు. పక్కనుంచి దీపం వేసి చూస్తే రాసుకునే చోటు కనిపిస్తుంది. రేకును వేళ్లతో మెల్లగా సరిచేయాలి, శ్రావణంతో వంచితే రంగు పెచ్చులూడుతుంది. తల వదులైందని తక్షణం అతుక్కునే జిగురు వేయకండి. అది ఇరుసు వెంట లోపలికి పాకుతుంది.

బొమ్మ తీశాక కూడా టిక్‌టిక్ నీరసంగానే ఉంటే బొమ్మను తప్పుపట్టకండి. యంత్రం మురికిపట్టిందని అందరికన్నా ముందు చెప్పింది ఆ కోడే.

సమస్య: పడుకోబెడితే నడుస్తుంది, నిలబెడితే ఆగుతుంది

అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిర్ణయించే చక్రమే బ్యాలెన్సు చక్రం. దాని ఇరుసు కొనలు సూదిలా ఉండి, గుంట ఉన్న మరమేకుల్లో తిరుగుతాయి. కొనలు మొద్దుబారినా, మరమేకు వదులైనా ఇలా జరుగుతుంది. మరమేకును అతి కొద్దిగా బిగించి చూడవచ్చు. చక్రం లీలగా కదిలేంత సందు మాత్రం మిగలాలి. దానితో కుదరకపోతే కొనలను మళ్లీ సానపట్టాలి, అది నిపుణుల పని.

సమస్య: గంటకు పది, ఇరవై నిమిషాలు ముందుకు పోతోంది

హెయిర్ స్ప్రింగు చుట్లు నూనె వల్లో, అయస్కాంతం సోకడం వల్లో ఒకదానికొకటి అతుక్కున్నాయి. నూనెను కడిగించాలి, అయస్కాంత ప్రభావాన్ని తీయించాలి. తేడా రోజుకు కొద్ది నిమిషాలే అయితే వెనకున్న చిన్న మీట జరిపితే సరిపోతుంది. ఫ్రెంచి గడియారాల మీద 'ఎ' అంటే వేగం పెంచేది, 'ఆర్' అంటే తగ్గించేది.

సమస్య: అలారం తప్పు సమయానికి మోగుతోంది

ముళ్లు ఇరుసు మీద జారాయి. అలారం ముల్లును ఆరు దగ్గర ఉంచి, అలారం మోగడం మొదలయ్యేదాకా ముళ్లను నెమ్మదిగా ముందుకు తిప్పండి. మోగిన క్షణంలో ఆపి, చిన్న ముల్లును ఆరు మీదకు, పెద్ద ముల్లును పన్నెండు మీదకు తీసి పెట్టండి. అలారం మరను వెనక బాణం గుర్తు చూపిన వైపే తిప్పాలి.

సమస్య: చీకట్లో వెలగాల్సిన అంకెలు వెలగడం లేదు

దీనికి పరిష్కారం వెతకకండి. 1970కి ముందరి వెలిగే డయల్ అయితే అందులో రేడియం అనే రేడియోధార్మిక లోహం ఉండవచ్చు. వెలుగునిచ్చే పదార్థం అరిగిపోయింది గానీ రేడియం అలాగే ఉంది, అది సగం కావడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. మిక్కీ మౌస్ చేతిగడియారాలు 1933లో వచ్చింది అమెరికాలోని వాటర్‌బరీ నుంచి. అదే ఊరి గడియారాల ఫ్యాక్టరీలో, అంతకు కొన్నేళ్ల ముందు, కుంచె కొనను పెదవులతో మొనదేల్చి అంకెలకు రేడియం రంగు వేసిన యువతులు జబ్బుపడి చనిపోయారు. ఆ రంగును గీకకండి, పొడి పీల్చకండి, మళ్లీ రంగు వేయించకండి. అద్దం తీయకుండా బీరువాలో పెట్టండి, పిల్లలకు ఇవ్వకండి.

సమస్య: గడియారపు పైడబ్బాకు తుప్పుంది, డయల్ మాత్రం కొత్తగా మెరుస్తోంది

డయల్ మార్చి ఉండవచ్చు. మావో సూక్తుల ఎర్ర పుస్తకాన్ని బొమ్మ చేత్తో ఊపే చైనా గడియారాలకు కొత్త నకళ్లు చాలా ఉన్నాయి. అద్దపు చట్రం తీయించి అంచు చూడండి: చట్రం కింద దాగిన భాగం రంగు తాజాగా, బయటికి కనిపించే భాగం వెలిసిపోయి ఉంటే డయల్ ఆ డబ్బాలో చాలాకాలంగా ఉన్నట్టే. అంచునుంచి నడుమ దాకా ఒకే మెరుపుంటే అసలు ధర ఇవ్వకండి. డయల్ పాతదేనని తేలితే తడిగుడ్డ తగలనివ్వకండి, మెత్తని పొడి కుంచె చాలు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవారు గడియారం పక్కన తేమ పీల్చే సిలికా పొట్లం పెట్టి, వానాకాలంలో దాన్ని తరచూ మార్చండి.