ఇద్దరు ఫ్రెండ్స్, ఒక మూడు చక్రాల బండి, ఊరు వదిలే కథ: స్క్రిప్ట్ ఎలా రాయాలంటే

షార్ట్ ఫిల్మ్ కోసం ఇలాంటి కథ రాద్దామనుకునేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోండి, ఊరు వదిలి వెళ్లేది ఎవరు? మామూలుగా ఏం రాస్తారంటే నడవగలిగినోడు సిటీకి వెళ్లిపోతాడు, నడవలేనోడు గుమ్మం దగ్గర కూర్చుని చెయ్యి ఊపుతాడు, వెనకాల ఫ్లూటు. చూసి చూసి విసుగొచ్చేసింది బాబూ. తిప్పి రాయండి, వెళ్లేది వాడే, ఊళ్లో ఉండిపోయేది ఫ్రెండు.

తర్వాత వైకల్యం ఏంటో క్లియర్‌గా అనుకోండి. అలవాటుగా పోలియో అని పెట్టేస్తారు, కానీ మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, కాబట్టి ఇప్పుడు ఇంటర్ అయిన కుర్రాడికి పోలియో అంటే నమ్మడం కష్టం, కథ 1998లో జరిగితే ఓకే. ఇప్పటి కథైతే సెరిబ్రల్ పాల్సీయో (పసితనంలోనే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడకపోవడం) బైక్ యాక్సిడెంటో ఏదో ఒకటి ఫిక్స్ చేసుకుని, దాన్ని బట్టి వాడు గ్లాసు ఎలా పట్టుకుంటాడు, బాత్రూమ్‌కి ఎలా వెళ్తాడు, ఎవర్ని సాయం అడగడానికి మొహమాటపడతాడు అన్నీ రాసుకోండి, స్క్రీన్ మీద సగం కనపడకపోయినా పర్లేదు.

ఊరు కూడా నిజం ఊరే తీసుకోండి. బొబ్బిలి అనుకుందాం. పక్కనే గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తారు, నాన్నది ఆ పనే అయితే కొడుక్కి కూర్చుని చేసుకునే పని ఇంట్లోనే ఉన్నట్టు, "నీకు వైజాగ్ ఎందుకురా" అనడానికి ఆయనకి గట్టి కారణమే దొరుకుతుంది, ఇంక విలన్ అక్కర్లేదు. అమ్మ గొడవ వేరే. ఆంధ్రాలో దివ్యాంగుల పింఛను 2024లో 3000 నుంచి 6000 అయ్యింది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు, "ఆ రోజు నువ్వు నేకపోతే ఎవులికిస్తార్రా" అని ఆవిడ అడగాలి. అది ప్రేమో భయమో డబ్బో తేల్చకండి.

అసలు సీన్ రైలు టికెట్‌లో ఉంది. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్లకి రైల్వే స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఇస్తుంది, వెంట వచ్చే ఒక మనిషికి కూడా అంతే. అంటే ఫ్రెండు ఎస్కార్ట్‌గా పావు రేటుకి వెళ్తాడు, దింపేసి ఒక్కడే తిరిగొచ్చేటప్పుడు ఫుల్ టికెట్. ఇది డైలాగ్‌లో వివరించొద్దు, కౌంటర్ దగ్గర చిల్లర ఏరుకోవడం చూపిస్తే చాలు.

మాటలు కూడా మెత్తగా వద్దు. చిన్నప్పట్నుంచి బండి తోసినోడు "జాగ్రత్త మిత్రమా" అనడు, "ఏట్రా ఇది, సేతులు పడిపోతన్నాయ్" అంటాడు. వాళ్లిద్దరికీ ఒక పెద్ద దెబ్బలాట పెట్టండి, అందులో తప్పు బండి మీదున్నోడిదే అయితే ఇంకా బెటర్, మంచితనమంతా వాడికే అంటగట్టడం కూడా జాలే కదా.

యాక్టింగ్‌కి నిజంగా బండి వాడేవాళ్లనే అడగండి, కుదరకపోతే కనీసం స్క్రిప్ట్ వాళ్లతో చదివించండి. లొకేషన్‌కి టేపు పట్టుకెళ్లి గుమ్మాలు కొలవండి, హాస్టల్ బాత్రూమ్ తలుపులో బండి పట్టకపోతే హాస్టల్ మార్చకండి, పట్టకపోవడాన్నే షూట్ చేసేయండి.