పిల్లల పరిశోధన వ్యాసం: టాపిక్ కాదు, ప్రశ్న అడగండి

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా చదివే పిల్లలు ఎక్స్‌టెండెడ్ ఎస్సే, అంటే సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం, రాయాలి, గరిష్ఠంగా 4,000 పదాలు. ఆ అంకె వినగానే టెన్షన్ పడతారు. కానీ నేను గైడ్ చేసినంతలో, పిల్లలు ఇరుక్కుపోయేది టాపిక్ మరీ పెద్దదైపోయినప్పుడే.

మొన్న ఒక అమ్మాయి "విశాఖ పోర్టు చరిత్ర" అని రాసుకొచ్చింది. 1933లో మొదలైన పోర్టు, ఎక్కడని పట్టుకుంటుంది? బీచ్ రోడ్డులో నడుస్తూ "ఇందులో నీకు నిజంగా తెలుసుకోవాలనిపించేది ఏంటమ్మా?" అని అడిగాను. కాసేపు సముద్రం వైపు చూసి, "1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేశాయి కదా మేడమ్, ఆ భయంతో ఊరొదిలిన జనం మళ్లీ ఎలా తిరిగొచ్చారు?" అంది. అదీ ప్రశ్న!

వెంటనే రాయనివ్వకండి. ముందు రెండు వారాలు ఆధారాలు వెతకమనండి: ఆనాటి పత్రికలు, ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీ, ఇంట్లో పెద్దవాళ్లు విన్న కబుర్లు. నోట్‌బుక్‌లో పేజీకి ఒక్క ఆధారమే. పైన అది ఎక్కడ దొరికింది, తేదీ, పేజీ నంబరు. కింద "దీన్ని ఎందుకు నమ్మాలి?" అన్నదానికి సొంత మాటల్లో రెండు వాక్యాలు. తర్వాత విశ్లేషణగా ఎదిగేవి ఆ రెండు వాక్యాలే. పేజీ నంబరు మాత్రం పట్టుబట్టి రాయించండి, లేకపోతే చివర్లో ఏడుపే.

డ్రాఫ్ట్ చేతికొచ్చాక వాక్యాలు దిద్దకండి, అది వాళ్ల వ్యాసం. అర్థం కాని చోట మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి, నోటితో చెప్పించండి. చెప్పింది చెప్పినట్టు అక్కడికక్కడే రాసుకోమనండి.