బెంగళూరు నుంచి పాత కారును ట్రైలర్ మీద ఊరికి తెచ్చేవాళ్లకు జాగ్రత్తలు

సంక్రాంతికి అంబాసిడర్‌నో పద్మినినో ఓపెన్ ట్రైలర్ మీద తీసుకెళ్తున్నారా? బెంగళూరు ఉత్తరాన హెబ్బాళ దాటకముందే ఇవి చూసుకోండి.

బరువు ముందుకు ఉండాలి. ట్రైలర్, కారు కలిపిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం లాగే బండి హుక్ మీద పడాలి. ఇంజిన్ ముందున్న కారును ముందుకే ఎక్కించండి. బరువు వెనక్కి పోతే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది, లాగే బండిని కూడా తిప్పేస్తుంది. అప్పుడు ఎంత మంచి డ్రైవరైనా ఏమీ చేయలేడు.

కారును ట్రైలర్‌కి కట్టే బెల్టు బంపర్‌కి వద్దు. వెనక యాక్సిల్‌కి (ఇరుసుకి), ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే సస్పెన్షన్ కింది ఆర్మ్‌కి కట్టండి. కట్టాక టార్చ్ వేసి కిందికి దూరి చూడండి. వెనక యాక్సిల్ వెంట సన్నటి బ్రేక్ పైపు ఉంటుంది. ఒకసారి మా పద్మినికి బెల్టు దాని మీదే పడి పైపు నొక్కుకుపోయింది. ఊళ్లో దించాక పెడల్ తొక్కితే గానీ తెలియలేదు.

నాలుగు మూలలకూ నాలుగు వేరు వేరు రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించేవి) వాడండి. ఒకటి తెగినా మిగతావి పట్టుకుంటాయి.

బెల్టు లేబుల్ మీద రెండు బరువులు రాసి ఉంటే చిన్నదే లెక్క, బెల్టు భద్రంగా మోసేది అంతే. పెద్దది తెగిపోయే బరువు.

కవర్ కప్పకండి. గాలికి కొట్టుకుని పెయింట్ గీరేస్తుంది.

హ్యాండ్ బ్రేక్‌ను నమ్మకండి, పాత కేబుల్ సాగుతుంది. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి.

దేవనహళ్లి దగ్గర ఆగి బెల్టులు మళ్లీ బిగించండి. మొదటి 30 కిలోమీటర్ల కుదుపులకే అవి వదులవుతాయి.