కంపైలర్ మారినా డాక్స్ అబద్ధం చెప్పకుండా ఉండాలంటే ఏం చేయాలి

ఓపెన్‌సోర్స్ కంపైలర్ ప్రాజెక్ట్‌లో డాక్యుమెంటేషన్ బాధ్యత మీ చేతికొచ్చిందనుకోండి. చాలామంది వెంటనే రాయడం మొదలుపెడతారు, కొత్త ట్యుటోరియల్ ఒకటి, ఎఫ్ఏక్యూ ఒకటి. కాస్త ఆగండి. ముందు ఉన్న పేజీలన్నీ కూర్చుని చదవండి, చదువుతూ ప్రతి వాక్యం దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది వాడేవాళ్లకు మనం ఇచ్చిన మాటా, లేక ప్రస్తుతానికి కోడ్ ఇలా నడుస్తోందని చెప్పే సమాచారమా? ఈ రెండూ కలిసిపోయిన చోటే తర్వాత గొడవలు పుడతాయి. ఇచ్చిన మాట మారిస్తే జనం ప్రోగ్రాములు పనిచేయడం మానేస్తాయి, సమాచారాన్ని మార్చకుండా వదిలేస్తే డాక్స్ అబద్ధం చెబుతాయి.

ఉదాహరణకు సీపైథాన్‌ని, అంటే సీ భాషలో రాసిన, ఎక్కువమంది వాడే పైథాన్‌ని తీసుకుంటాను. పైథాన్‌ని అందరూ ఇంటర్‌ప్రెటర్ అనేస్తారు కానీ లోపల ఉన్నది కంపైలరే, దాని కింద ఒక స్టాక్ మెషీన్, అంటే విలువలను ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి తీసి వాడే వర్చువల్ మెషీన్. సోర్స్‌ని పార్స్ చేసి ట్రీ కడుతుంది, ఆ ట్రీ నుంచి కంట్రోల్ ఫ్లో గ్రాఫ్ (కోడ్ ఏయే దారుల్లో నడవొచ్చో చూపే పటం), అందులోంచి బైట్‌కోడ్ (వర్చువల్ మెషీన్‌కి ఇచ్చే చిన్న చిన్న ఆదేశాలు), ఆ బైట్‌కోడ్‌ని వర్చువల్ మెషీన్ నడిపిస్తుంది. అంత పెద్ద ప్రాజెక్ట్‌లో డాక్స్ కోసం వాళ్లు వేసుకున్న దారులు ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్ట్‌కి కూడా పనికొస్తాయి.

మాటని, సమాచారాన్ని విడదీయండి

పైథాన్ డిక్షనరీల (కీ, విలువ జంటలను దాచే రకం) కథ చూడండి. పైథాన్ 3.6లో మెమరీ తగ్గించడానికి డిక్షనరీ లోపలి నిర్మాణం మార్చారు, దాంతో కీలు మనం పెట్టిన వరుసలోనే బయటికి రావడం మొదలైంది. కానీ 3.6 డాక్స్‌లో ఇది అమలుకు సంబంధించిన వివరం మాత్రమే, దీని మీద ఆధారపడొద్దు అని స్పష్టంగా రాశారు. 3.7 వచ్చేసరికి అదే ప్రవర్తనని భాషలో భాగం చేశారు. వాడేవాడికి రెండు వెర్షన్లలోనూ ఫలితం ఒకేలా కనిపిస్తుంది, మారిందల్లా డాక్స్‌లో వాక్యం. ఆ వాక్యంతో పైథాన్‌ని అమలు చేసే ప్రతి ప్రాజెక్టుకీ అది నియమం అయిపోయింది. డాక్స్ మెయింటెయినర్ చేతిలో ఎంత బరువుందో అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

కాబట్టి ఈ తేడా పాఠకుడికి కంటితో కనపడాలి. సీపైథాన్ డాక్స్‌లో అమలు వివరాలకు ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది, ఆ పేరా వేరుగా, 'సీపైథాన్ ఇంప్లిమెంటేషన్ డీటెయిల్' అన్న మాటతో మొదలవుతుంది. మీ ప్రాజెక్ట్‌లోనూ ఇలాంటిది ఒకటి పెట్టుకోండి, పేరు ఏదైనా పర్వాలేదు. అంత హంగు వద్దనుకుంటే కనీసం 'ప్రస్తుత అమలులో' అన్న మాటైనా ఆ వాక్యంలో ఉండాలి. -5 నుంచి 256 వరకు పూర్ణాంకాలను ముందే తయారుచేసి పెట్టుకునే సంగతిని పైథాన్ 3.12 సీ ఏపీఐ (సీ భాష నుంచి పైథాన్‌ని వాడే దారి) పేజీలో అలాగే రాశారు. ఆ ఒక్క మాట లేకపోతే ఎవరో ఒకరు దాన్ని నమ్ముకుని కోడ్ రాస్తారు, ఆ తర్వాత మీరు ఆ హద్దు కదపాలంటే టెన్షన్ మొదలవుతుంది.

బైట్‌కోడ్ పేజీ

కంపైలర్ ప్రాజెక్ట్‌లో అన్నిటికన్నా త్వరగా పాతబడేది ఇదే. సీపైథాన్‌లో డిస్ మాడ్యూల్ (బైట్‌కోడ్‌ని చదవగలిగే రూపంలో చూపేది) పేజీలో ఒక్కో ఆప్‌కోడ్, అంటే బైట్‌కోడ్‌లోని ఒక్కో రకం ఇన్‌స్ట్రక్షన్, ఏం చేస్తుందో రాసి ఉంటుంది. దాని చరిత్ర తిరగేస్తే మార్పుల వేగం తెలుస్తుంది. 3.6లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ రెండు బైట్లకు స్థిరపడింది. 3.10లో జంప్ దూరాలను బైట్లలో కాకుండా ఇన్‌స్ట్రక్షన్ల లెక్కన చెప్పడం మొదలైంది. 3.11లో బైనరీ యాడ్, బైనరీ మల్టిప్లై లాంటివన్నీ బైనరీ ఆప్ అనే ఒక్కదానిలో కలిసిపోయాయి, కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల వెనకాల క్యాష్ ఎంట్రీలు (వేగం కోసం ఇంటర్‌ప్రెటర్ సమాచారం దాచుకునే చోట్లు) వచ్చి చేరాయి. ప్రీకాల్ అనే ఆప్‌కోడ్ 3.11లో వచ్చి 3.12లోనే పోయింది. డిబగ్గర్లు, కవరేజ్ టూల్స్, డీకంపైలర్లు రాసేవాళ్లు ఈ పేజీనే తెరిచి పెట్టుకుని పనిచేస్తారు, ఇక్కడ ఒక్క తప్పుంటే వాళ్లకు ఒక రోజంతా పోతుంది.

ఇలాంటి పేజీని చూసుకోవడానికి ముందుగా, బైట్‌కోడ్ వెర్షన్ల మధ్య మారదని ఏ హామీ లేదన్న మాట పేజీ పైభాగంలోనే ఉండాలి, ఎక్కడో అడుగున కాదు. తర్వాత ఆప్‌కోడ్ వివరణ. మాటల్లో వర్ణించడం కన్నా ఇన్‌స్ట్రక్షన్ నడవకముందు స్టాక్ మీద ఏముంది, నడిచాక ఏముంది అన్నది చూపిస్తే చాలు. పైథాన్ వాళ్లు పాత రోజుల్లో స్టాక్ పైనున్నదానికి, దాని కిందదానికి పొట్టి పేర్లు పెట్టి రాసేవారు, ఇప్పుడు స్టాక్‌ని మామూలు పైథాన్ లిస్ట్ అనుకుని పాప్, అపెండ్ అంటూ రాస్తున్నారు. బైనరీ ఆప్ అంటే: కుడివైపుది పాప్ చెయ్యి, ఎడమవైపుది పాప్ చెయ్యి, ఫలితాన్ని అపెండ్ చెయ్యి. మూడు లైన్లు. పైథాన్ వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది, ఏది ముందు పాప్ అవుతుందన్న సందేహం కూడా మిగలదు.

ఇక ఆ వివరణ నిజమేనా అని ఎక్కడ సరిచూడాలి? 3.12 నుంచి సీపైథాన్‌లో ఇన్‌స్ట్రక్షన్లన్నీ బైట్‌కోడ్స్ డాట్ సీ అనే ఒకే ఫైల్‌లో, సీ లాగా కనిపించే ఒక చిన్న భాషలో ఉంటాయి. ప్రతిదాని తలమీద స్టాక్ లోంచి ఏం తీసుకుంటుంది, తిరిగి ఏం పెడుతుంది అని రాసి ఉంటుంది. ఇంటర్‌ప్రెటర్ కోడ్, ఆప్‌కోడ్ల మెటాడేటా అన్నీ దాన్నుంచే టూల్ తయారుచేస్తుంది. అంటే మూలం అక్కడుంది. టూల్ తయారుచేసిన ఫైల్లో కామెంట్లు దిద్దితే తర్వాతి రీజనరేట్‌లో కొట్టుకుపోతాయి, ఆ పొరపాటు చేయకండి. మీ ప్రాజెక్ట్‌లో కూడా ఏ విషయానికి మూలం ఏ ఫైల్ అన్నది ఒక పేజీలో రాసి పెట్టుకోండి.

అదయ్యాక ఒక చిన్న స్క్రిప్ట్ రాయండి, సాయంత్రం పని. ఒకవైపు ఆప్‌కోడ్ మాడ్యూల్ నుంచి పేర్లన్నీ, మరోవైపు డాక్స్ ఫైల్లో వివరణ ఉన్న పేర్లన్నీ తీసి పోల్చండి. కోడ్‌లో ఉండి డాక్స్‌లో లేనివి, డాక్స్‌లో ఉండి కోడ్‌లో లేనివి, రెండు జాబితాలూ అచ్చేయాలి. రెండో జాబితానే ప్రమాదకరం, ఎందుకంటే లేని ఆప్‌కోడ్ కోసం ఎవరో వెతుకుతూ ఉంటారు. ఇంటర్‌ప్రెటర్ నడుస్తూ నడుస్తూ తనంతట తాను మార్చుకునే స్పెషలైజ్డ్ రూపాలను మాత్రం లెక్కలోంచి తీసేయండి. ఈ స్క్రిప్ట్‌ని సీఐలో (ప్రతి మార్పునీ తనంతట తాను పరీక్షించే ఏర్పాటు) పెడితే కొత్త ఆప్‌కోడ్ తెచ్చినవాళ్లకే ఎర్ర గుర్తు కనపడుతుంది, మీరు వెంటపడి అడగక్కర్లేదు.

కాపీ చేయకండి, కలిపేయండి

గ్రామర్ లాంటివి చేత్తో డాక్స్‌లోకి కాపీ చేస్తే వారం తిరిగేలోపు తేడా వచ్చేస్తుంది. పైథాన్ డాక్స్‌లో పూర్తి గ్రామర్ పేజీ, ఏఎస్‌టీ (సోర్స్‌ని పార్స్ చేసి కట్టే ట్రీ) పేజీలోని నోడ్ల నిర్వచనం రెండూ సోర్స్ ఫైళ్ల నుంచే నేరుగా వచ్చి పడతాయి. ఆ డాక్స్‌ని తయారుచేసే స్ఫింక్స్ అనే టూల్‌లో ఒక ఫైల్‌ని యథాతథంగా తెచ్చిపెట్టే డైరెక్టివ్ ఉంది, దాంతోనే చేశారు. కంపైలర్‌కి పార్సర్ పుట్టేది ఏ ఫైల్ నుంచో పాఠకుడు చదివేదీ అదే ఫైల్. ఇలా చేయగలిగినవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయో వెతకండి: ఎర్రర్ కోడ్ల పట్టిక, కమాండ్‌లైన్ ఆప్షన్లు, ఆప్టిమైజేషన్ పాసుల జాబితా.

లోపలివాళ్ల కోసం రాసేవి

కంపైలర్ మీద పనిచేసేవాళ్లకు కావలసిన డాక్స్ వేరు. సీపైథాన్‌లో ఈ రాతలు చాలాకాలం డెవలపర్ గైడ్‌లో, అంటే వేరే రిపోజిటరీలో ఉండేవి. కోడ్ మార్చేవాడు ఒక చోట పీఆర్ (మార్పుని కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్) పెట్టాలి, దాని గురించి రాయాలంటే ఇంకో చోట ఇంకో పీఆర్, సహజంగానే రెండోది వెనకబడుతుంది. 2024లో వాటిని ప్రధాన రిపోజిటరీలోకే ఇంటర్నల్ డాక్స్ అనే ఫోల్డర్ పెట్టి తెచ్చేశారు: పార్సర్, కంపైలర్, ఇంటర్‌ప్రెటర్, ఫ్రేములు, చెత్త సేకరణ (ఇక వాడని మెమరీని తిరిగి తీసుకోవడం), ఎక్సెప్షన్లు, ఒక్కోదానికి ఒక్కో మార్క్‌డౌన్ ఫైల్. ఇప్పుడు ఒకే పీఆర్‌లో కోడూ రాతా కలిసి మారొచ్చు, రివ్యూ చేసేవాళ్లు రెంటినీ పక్కపక్కన చూడొచ్చు. మీ డిజైన్ నోట్స్ వికీలోనో గూగుల్ డాక్స్‌లోనో ఉంటే ఈ వారమే రిపోజిటరీలోకి తెచ్చుకోండి.

వాటిలో ఏం రాయాలంటే, కోడ్ చదివితే తెలియనిది. 3.11కి ముందు ట్రై బ్లాక్‌లోకి వెళ్లిన ప్రతిసారీ వర్చువల్ మెషీన్ ఒక బ్లాక్‌ని స్టాక్ మీదికి ఎక్కించేది, ఎక్సెప్షన్ రాకపోయినా ఆ ఖర్చు తప్పేది కాదు. 3.11 నుంచి ఏ ఇన్‌స్ట్రక్షన్ల పరిధికి ఏ హ్యాండ్లర్ అన్నది పక్కన ఒక పట్టికలో ఉంటుంది, ఎక్సెప్షన్ వచ్చినప్పుడే దాన్ని తెరుస్తారు. పట్టిక ఫార్మాట్ ఏమిటన్నది కష్టపడితే కోడ్‌లోంచి లాగొచ్చు, కానీ ఎందుకు ఇలా మార్చారు, బదులుగా ఏం వదులుకున్నారు అన్నది ఎవరో రాసిపెడితేనే తెలుస్తుంది. అది డిజైన్ చేసినవాళ్లు ఇంకా ప్రాజెక్ట్‌లో ఉండగానే అడిగి రాయించుకోండి. వాళ్లు వెళ్లిపోయాక ఎవరూ చెప్పలేరు.

వెర్షన్లు, క్యాలెండర్

పైథాన్ 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తోంది, మే నెలలో మొదటి బీటాతో కొత్త ఫీచర్లు ఆగిపోతాయి. ఆ మే నుంచి అక్టోబర్ మధ్య కాలమే డాక్స్ తనిఖీకి సరైన సమయం, ఎందుకంటే అంతకు ముందు చేస్తే మళ్లీ మారతాయి. ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ వెర్షన్‌లో మారింది అన్న గుర్తులు ప్రతి ఫంక్షన్ కింద ఉండాలి. పీఆర్ ఏ వెర్షన్‌లోకి చేరుతుందో తెలియనప్పుడు అక్కడ నెక్స్ట్ అని రాస్తే, విడుదల చేసేటప్పుడు అసలు నంబర్ పడే ఏర్పాటు కూడా సీపైథాన్‌లో ఉంది.

డాక్స్‌లో తప్పు దొరికితే ముందు మెయిన్ బ్రాంచ్‌లో దిద్దాలి, తర్వాత అది పాత వెర్షన్లకూ వర్తిస్తుందా చూసి బ్యాక్‌పోర్ట్ లేబుల్ పెట్టాలి, మిగతా పని బాట్ చేస్తుంది. వర్తిస్తుందా అన్నది నిజంగా చూడండి. 3.13లో ఒకలా, 3.14లో ఒకలా నడిచే ఆప్‌కోడ్ వివరణని గుడ్డిగా వెనక్కి పంపితే మంచి పేజీని చెడగొట్టినట్టే.

తనిఖీలు

సీపైథాన్‌లో డాక్ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ వెన్వ్, మేక్ హెచ్‌టీఎంఎల్ కొడితే పేజీలు తయారవుతాయి. మేక్ చెక్ రాతలోని ఫార్మాటింగ్ తప్పులు పడుతుంది, మేక్ డాక్‌టెస్ట్ ఉదాహరణలను నడిపి ఫలితం సరిపోయిందా చూస్తుంది, మేక్ లింక్‌చెక్ చచ్చిన లింకులు చెబుతుంది. బైట్‌కోడ్ ఉదాహరణల్లో ఆఫ్‌సెట్లు, లైన్ నంబర్లు చూపించకుండా ఆప్‌కోడ్ పేర్లు మాత్రమే చూపిస్తే డాక్‌టెస్ట్ చీటికీ మాటికీ పగలదు.

పాత ప్రాజెక్ట్‌లో వార్నింగులు వందల్లో ఉంటే ఒక్కసారిగా అన్నీ ఎర్రర్లు చేయకండి. సీపైథాన్‌లో ఇప్పటికే తప్పులున్న ఫైళ్ల జాబితా ఒకటి పెట్టుకున్నారు. ఆ జాబితాలో లేని ఫైల్లో వార్నింగ్ వస్తే సీఐ ఆపేస్తుంది, ఎవరైనా ఒక ఫైల్ శుభ్రం చేస్తే జాబితాలోంచి తీసేస్తారు.

ఇంకొకటి, అనువాదాలు. పైథాన్ డాక్స్‌ని జపనీస్, కొరియన్, ఫ్రెంచ్ లాంటి భాషల్లోకి గెట్‌టెక్స్ట్ పద్ధతిలో, అంటే ఒక్కో పేరాకీ విడిగా అనువాదం దాచుకుంటూ, అనువదిస్తున్నారు. ఇంగ్లీష్ పేరాలో ఒక్క కామా మారినా ఆ పేరా అనువాదం పాతదిగా గుర్తు పడిపోయి, ఎవరైనా మళ్లీ చూసేదాకా ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. మన కాలేజీ పిల్లలు చాలామంది ఓపెన్‌సోర్స్‌లోకి వచ్చేది డాక్స్‌లో చిన్న దిద్దుబాట్లతోనే, రావడం మంచిదే, కానీ అర్థం మారని చోట మాటలు అటూ ఇటూ జరిపే పీఆర్ వస్తే మర్యాదగా వద్దని చెప్పి, ఆ పిల్లలకు పై స్క్రిప్ట్ ఇచ్చిన జాబితాలోంచి ఒక ఆప్‌కోడ్ అప్పగించండి. విషయం దిద్దే పీఆర్, వాక్యం నున్న చేసే పీఆర్ రెండూ ఎప్పుడూ విడివిడిగా ఉండాలి, మొదటిది ఆ రోజే మెర్జ్ చేయండి, రెండోదానికి తొందర లేదు.